ఓడరేవు చూడకుండా విశాఖ చూసినట్టు కాదు

విశాఖపట్నం చూడడానికి వచ్చే కుటుంబాల రోజు దాదాపు ఒకే దారిలో సాగుతుంది. పొద్దున్నే రైలు దిగి సింహాచలం వెళ్లి అప్పన్న దర్శనం చేసుకుంటారు. మధ్యాహ్నం కైలాసగిరి ఎక్కి శివపార్వతుల విగ్రహాల ముందు ఫోటోలు దిగుతారు. సాయంత్రానికి ఆర్కే బీచ్‌కు చేరి జలాంతర్గామి లోపలికి వెళ్లొస్తారు, రోడ్డుకు అవతల ఉన్న యుద్ధవిమానం చూస్తారు, ఆ తర్వాత చీకటిపడే దాకా ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్ తింటారు. ఇంకో రోజు వీలుంటే అరకు, బొర్రా గుహలు. ఇవన్నీ చూడదగ్గవే. కురుసుర జలాంతర్గామి అయితే తప్పకుండా చూడాలి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించి, 2002లో ఒడ్డుకు చేరిన ఆ ఇనుప గొట్టంలో ఒంగి నడుస్తూ, అంత ఇరుకులో మనుషులు నెలల తరబడి ఎలా బతికారో ఊహించుకోవడం పిల్లలకు గొప్ప అనుభవం.

అయినా ఈ జాబితా చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఇందులో ఓడరేవు లేదు. ఏ కారణం వల్ల ఇంత ఊరు ఇక్కడ పెరిగిందో, ఆ కారణాన్ని చూడకుండానే వేలాది కుటుంబాలు వచ్చి వెళ్లిపోతున్నాయి. రేవును చూడడానికి ఊరు వీలు కల్పించదు, చూడాలని వచ్చినవాళ్లూ అడగరు. ఈ రెండూ మారాలని నా వాదం.

1933కు ముందు ఇక్కడికి వచ్చిన ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. సరుకునూ మనుషులనూ పడవల్లో అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవారు. మధ్యభారతం నుంచి మాంగనీసు ఖనిజాన్ని బయటి దేశాలకు పంపడానికి దగ్గరి దారి కావలసి వచ్చి, మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసేచోట ఉన్న చిత్తడినేలను తవ్వి రేవు కట్టారు. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ అనే కొండ సముద్రంలోకి చొచ్చుకువచ్చి గాలినీ అలలనూ కొంత అడ్డుకుంటుంది. అది చాలక రెండు పాత ఓడలను రాళ్లతో నింపి, రేవు ముఖద్వారం దగ్గర ముంచి, వాటినే అడ్డుకట్టగా మార్చారు. ఈ మాట విన్న ఏ పిల్లవాడైనా ఆ ఓడలు ఇంకా అడుగున ఉన్నాయా అని అడగకుండా ఉండడు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. అప్పటి నుంచి ఊరి రూపం మారుతూ వచ్చింది. 1941లో పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ నౌకల కర్మాగారానికి పునాది పడింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ రేవు మీద బాంబులు వేశాయి. అప్పట్లో పడిన ఒక బాంబు బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. 1948 మార్చి 14న జల ఉష అనే ఓడను నెహ్రూ ఇక్కడే సముద్రంలోకి దింపారు. స్వతంత్రం వచ్చాక దేశంలో తయారైన మొదటి పెద్ద ఓడ అది.

అరకు రైలు ఎక్కేవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. అద్దాల పెట్టెలో కూర్చుని సొరంగాలు లెక్కపెడుతూ మీరు వెళ్లే ఆ కొత్తవలస-కిరండూల్ లైను విహారయాత్రల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపానుకు పంపడానికి 1960ల్లో వేశారు. మీ రైలును పక్కన ఆపించి, ఎదురుగా వచ్చి, ఎంతకీ తరగకుండా సాగిపోయే గూడ్సు బండి ఆ పనిమీదే ఉంది. అరకు లోయ అందం రేవు పుణ్యమా అని మన కంటికి అందింది.

ఇక ఇసుక. ఆర్కే బీచ్‌లో పిల్లలు గూళ్లు కట్టుకునే ఇసుకకూ రేవుకూ సంబంధం ఉంది. తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. 1970ల్లో బయటి హార్బరు కోసం సముద్రంలోకి పొడవాటి రాతికట్టలు కట్టినప్పటి నుంచి ఆ ఇసుక దక్షిణాన ఆగిపోతోంది. ఉత్తరాన ఉన్న బీచ్‌కు రావలసింది రాక, ఉన్నదాన్ని సముద్రం లాక్కుపోతోంది. అందుకే ఆగిన ఇసుకను డ్రెడ్జరుతో తోడి గొట్టాల ద్వారా బీచ్ మీదికి పంపుతూ ఉంటారు. కొన్నేళ్లు తీరం నిండుగా ఉండడం, కొన్నేళ్లు రోడ్డు గోడ దాకా కోసుకుపోవడం ఈ ఊరివాళ్లం చూస్తూనే ఉన్నాం. బీచ్ ప్రకృతి, రేవు పరిశ్రమ అని రెండు గదులుగా విడదీసి చూసేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

మా అక్కావాళ్లు నిజామాబాదు నుంచి సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు ఒక రోజంతా నా చేతికి ఇవ్వమని అడిగాను. బావగారికి ఎరువుల దుకాణం ఉంది. సెలవు దొరకడమే కష్టం, దొరికిన సెలవులో లారీలూ క్రేన్లూ చూడమంటే ఆయనకు నచ్చలేదు. "హార్బరులో చూడడానికి ఏముందమ్మా, చేపల వాసన తప్ప?" అన్నారు. అమ్మ కూడా ఆయన పక్షమే. పిల్లలు మాత్రం తెల్లవారకముందే బయలుదేరాలి అనేసరికి ఉత్సాహపడ్డారు.

చీకటి ఉండగానే చేపలరేవుకు వెళ్లాం. పది పన్నెండు రోజులు వేటలో ఉండి వచ్చిన మరపడవలు జెట్టీకి ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని నిలబడ్డాయి. కళాసీలు అడుగు అరల్లోంచి మంచుతో సహా చేపలను పారలతో ఎత్తి పోస్తున్నారు. ఆడవాళ్లు గుట్టల చుట్టూ మూగి వేలంపాట పాడుతున్నారు. ఆ పాటలో ధర ఎంతకు పెరిగిందో, ఎవరికి ఖాయమైందో కొత్తవాళ్లకు అంతుపట్టదు. ఒక కనుసైగతో బేరం ముగిసిపోతుంది, తట్ట లేస్తుంది. ఈ రేవులో చేపను కొనేదీ, మోసేదీ, ఎండబెట్టేదీ, ఊళ్లోకి తీసుకెళ్లి అమ్మేదీ ఎక్కువగా ఆడవాళ్లే. చేపలు పట్టడం మగవాళ్ల పని అని పాఠం చదివిన పిల్లలు ఇక్కడికి వస్తే, ఆ పాఠంలో సగమే ఉందని వాళ్లంతట వాళ్లే తెలుసుకుంటారు.

మా అక్క కూతురికి పదకొండేళ్లు. పట్టీలా పొడవుగా, తళతళలాడే ఒక వెండిరంగు చేప దగ్గర ఆగిపోయింది. దాన్ని వేరుచేస్తున్న పెద్దావిడ తలెత్తి చూసి, "పట్టుకో తల్లీ, చచ్చినదే, ఏమీ చేయదు" అంది. పాప రెండు వేళ్లతో పట్టుకుని వదిలేసింది. వేళ్లకు వెండిపొడి అంటుకుంది. ఆ చేపకు పొలుసు ఉండదు, ఒంటిమీది మెరుపే అలా చేతికి వచ్చేస్తుంది. ఆవిడ నవ్వి, పక్క గుట్టల్లోంచి ఒక్కొక్కటీ పైకెత్తి పేర్లు చెప్పింది: వంజరం, చందువ, కవ్వళ్లు, కానాగంతలు, నెత్తళ్లు. పాప వాటిని తిరిగి చెప్పింది, రెండు తప్పు చెప్పింది, ఆవిడ దిద్దింది. అక్కడ టికెట్టు లేదు, గైడు లేడు. పనిలో ఉన్న మనిషి తన పనిని చూపించింది, అంతే. ఆ అయిదు నిమిషాలతో సరితూగే వినోదం ఈ ఊళ్లో ఏ పార్కులో ఉందో నాకు ఎవరైనా చూపించాలి.

అక్కడి నుంచి పాతనగరం వైపు వచ్చి, టిఫిను చేసి, రాస్ హిల్ ఎక్కాం. రేవు లోపలికి వెళ్లే కాలువ పక్కనే వరుసగా మూడు కొండలు ఉన్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. సముద్రం మీదికి వెళ్లే మనుషులు ఏ మతం వాళ్లయినా ఒక మొక్కు మొక్కి వెళ్లడానికి కట్టినట్టు ఉంటాయి. చర్చి ఉన్న కొండే రాస్ హిల్, దాని మీద నిలబడితే లోపలి హార్బరు మొత్తం కనిపిస్తుంది.

మేం వెళ్లిన కాసేపటికి ఓడ ఒకటి లోపలికి వచ్చింది. ముందూ వెనకా టగ్గు పడవలు పట్టుకుని ఉన్నాయి. ఈ కాలువ ఎంత ఇరుకో తెలియాలంటే ఓడ రావడం చూడాలి, కొండ అంచును రాసుకుంటూ ఒక అపార్టుమెంటు కదిలివస్తున్నట్టు ఉంటుంది. ఓడ కెప్టెను ఎంత అనుభవం ఉన్నవాడైనా ఇక్కడ నడిపించేది రేవు పైలటు. ఆయన చిన్న పడవలో సముద్రంలోకి ఎదురువెళ్లి, ఓడ పక్కన వేలాడదీసిన తాళ్ల నిచ్చెన ఎక్కి పైకి చేరతాడు. రుతుపవనాల కాలంలో ఎగిసిపడే అలల మధ్య కూడా అలాగే ఎక్కాలి. ఇది చెప్పేసరికి అక్క కొడుకు పెద్దయ్యాక తను ఆ పనే చేస్తానన్నాడు. ఆ ఉద్యోగం ఒకటి ఉందని ఆ పూటకు ముందు వాడికి తెలియదు.

ఓడను చూడడం నేర్పితే పిల్లలు వదలరు. అడుగుభాగానికి వేసిన ఎర్రరంగు నీళ్ల పైన ఎంత ఎత్తు కనిపిస్తుందో చూస్తే ఓడ నిండుగా ఉందో ఖాళీగా ఉందో తెలిసిపోతుంది. ఎంతవరకు ముంచవచ్చో చెప్పే గీతలు పక్కన గీసి ఉంటాయి. వెనకవైపు ఓడ పేరు, దాని కింద నమోదైన రేవు పేరు రాసి ఉంటాయి. మా ముందునుంచి వెళ్లిన ఓడ వెనక పాప కూడబలుక్కుని చదివింది. "పిన్నీ, మజురో అట. ఎక్కడుంది అది?" పసిఫిక్ మహాసముద్రం మధ్యలో మార్షల్ దీవుల రాజధాని. ఆ చిన్న దేశం పేరు మీద ఇన్ని ఓడలు ఎందుకు తిరుగుతాయి, జెండా ఒక దేశానిది, యజమాని ఒక దేశంవాడు, నావికులు ఇంకో దేశంవాళ్లు ఎలా అవుతారు అనే ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏ భూగోళం పుస్తకమూ వాళ్లలో ఆ ఆకలి పుట్టించలేదు.

బావగారు అప్పటిదాకా ఒక పక్కన ఫోను చూసుకుంటూ కూర్చున్నారు. ఒక బెర్తులో, అంటే ఓడను కట్టి సరుకు దించేచోట, క్రేను నోటితో ఓడ కడుపులోంచి ఏదో గుమ్మరిస్తోంది, దాని కింద లారీలు వరుసగా నిలబడ్డాయి. అది ఎరువు అని మా పక్కన ఉన్న స్థానికుడు ఒకాయన చెప్పాడు. బావగారు లేచి వచ్చారు. తను ఇరవై ఏళ్లుగా అమ్ముతున్న పొటాష్ మన దేశంలో తవ్వేది కాదనీ, విదేశాల నుంచి ఓడల్లో విడిగా వచ్చి, రేవులో బస్తాలకెత్తి, రైళ్లలో ఊళ్లకు చేరుతుందనీ పిల్లలకు చెప్పడం మొదలుపెట్టారు. వానాకాలం పంట ముందు ఓడ ఆలస్యమైతే తన దుకాణం ముందు రైతులు ఎలా వరుస కడతారో, వాళ్లకు ఏం సమాధానం చెప్పాలో తెలియక తను ఎలా నిలబడతారో చెప్పారు. వాళ్ల నాన్న పని గురించి ఆ పిల్లలు అంతసేపు వినడం నేను మొదటిసారి చూశాను. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న పొలానికీ ఈ బెర్తుకూ మధ్య ఉన్న దారి వాళ్ల కళ్ల ముందే ఉంది.

అమ్మ ఎక్కువ మాట్లాడలేదు. మాది శ్రీకాకుళం వైపు. అక్కడి ఇళ్లలో రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లినవాళ్ల కథ లేని ఇల్లు అరుదు. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలిపనికి మన ఊళ్లనుంచి వేలమంది బర్మా వెళ్లారు. యుద్ధం వచ్చినప్పుడు చాలామంది అడవులగుండా నడిచి తిరిగి వచ్చారు, కొందరు దారిలోనే పోయారు. మిగిలినవాళ్లలో ఎందరో 1960ల్లో తిరిగి వచ్చేశారు. కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు అలా ఏర్పడిందే. మా అమ్మమ్మ చిన్నాన్న రంగం వెళ్లి తిరిగి రాలేదు. "ఇటువైపు నుంచే కదా పోయి ఉంటాడు" అని మాత్రం అంది అమ్మ. పిల్లలు ఎవరని అడిగితే, ఇంటికి వెళ్లేదాకా ఆయన గురించే చెప్పింది.

ఇలాంటి రోజు ఒకటి మన కుటుంబాలకు ఎందుకు దొరకడం లేదు? అడిగితే మొదట వచ్చే సమాధానం భద్రత. తూర్పు నౌకాదళ స్థావరం ఇక్కడ ఉంది. అంతర్జాతీయ నౌకా భద్రతా నియమావళి 2004 జులై నుంచి అమల్లోకి వచ్చాక ప్రపంచంలో ఎక్కడా రేవు లోపలికి ఎవరినిపడితే వాళ్లను రానివ్వరు. ఇది సరైనదే. బెర్తుల మధ్య పిల్లలను తిప్పమని నేను అడగడం లేదు, అక్కడ పనిచేసేవాళ్లకే ప్రమాదం ఎక్కువ. ఫోటోలు తీయవద్దని బోర్డు ఉన్నచోట తీయకూడదు కూడా. కానీ దూరం నుంచి చూడడానికి అడ్డేమిటి? ముంబయిలో పశ్చిమ నౌకాదళ ప్రధాన కేంద్రం, నౌకాదళ డాక్‌యార్డు గేట్‌వే ఆఫ్ ఇండియాకు ఆనుకునే ఉన్నాయి. అక్కడి నుంచే రోజూ ఎలిఫెంటా పడవలు లంగరేసిన ఓడల మధ్యగా వెళ్తాయి. కొచ్చిలో దక్షిణ నౌకాదళ ప్రధాన కేంద్రం ఉంది. ఎర్నాకుళం నుంచి ఫోర్ట్ కొచ్చికి వెళ్లే మామూలు ఫెర్రీ ఎక్కినవాళ్లకు కొద్దిపాటి చార్జీకే రేవు కనిపిస్తుంది. 2023 నుంచి వాటర్ మెట్రో కూడా ఉంది. హాంబర్గులో రేవు చుట్టూ పడవలో తిప్పి చూపించడం ఆ ఊరికి పెద్ద ఆకర్షణ. రోటర్‌డామ్‌లో ఏటా సెప్టెంబరులో రేవు పండుగ చేసి జనానికి తలుపులు తెరుస్తారు. ఆ ఊళ్లకు భద్రత మీద మనకన్నా తక్కువ శ్రద్ధ ఉందని ఎవరూ అనలేరు.

రెండో సమాధానం వాసన, మురికి. చేపలరేవులో నేల జారుతుంది, వాసన ఉంటుంది, నిజమే. పాత చెప్పులు వేసుకుని వెళ్లాలి, చంటిపిల్లలను ఎత్తుకోవాలి. కానీ అక్కడ పట్టిన రొయ్యలూ చేపలూ మన బల్ల మీదికి వచ్చినప్పుడు వాసన అనం. సముద్ర ఉత్పత్తుల ఎగుమతిలో దేశంలోనే ముందు వరుసలో ఉన్న రేవు ఇది.

మురికి విషయంలో అయితే చూడడమే మేలు. బొగ్గు, ఖనిజాల దుమ్ము పాతనగరం ఇళ్లమీద పడడం ఎన్నో ఏళ్ల సమస్య. చుట్టూ కొండలు ఉన్న గిన్నెలాంటి చోట రేవు ఉండడంతో ఆ దుమ్ము తొందరగా బయటికి పోదు. అక్కడి ఆడవాళ్లు పొద్దున తుడిచిన గట్టును మధ్యాహ్నం మళ్లీ తుడుస్తారు. రాస్ హిల్ మెట్ల పక్కన పిట్టగోడ మీద చెయ్యి వేసి చూడండి, అరచేతికి నల్లగా అంటుకుంటుంది. రేవు ఇచ్చేదాన్ని దేశమంతా పంచుకుంటోంది, దుమ్ము మాత్రం ఆ కొన్ని వీధులవాళ్లు భరిస్తున్నారు. చూడడానికి వచ్చే కళ్లు పెరిగితే, దుమ్ము తగ్గించమని అడిగే గొంతులూ పెరుగుతాయి. 2023 నవంబరు 19 రాత్రి చేపలరేవులో మంటలు లేచి దాదాపు నలభై మరపడవలు కాలిపోయినప్పుడు, ఆ వార్త చాలామంది ఇళ్లలో ఒక నిమిషం పాటు నడిచింది. ఒక్క పడవ మీద ఎన్ని ఇళ్ల అన్నం ఆధారపడి ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ నిమిషం చాలదు.

అందుకే అడుగుతున్నాను. రాస్ హిల్ మీదో, బీచ్ రోడ్డు దక్షిణపు చివరనో, రేవు కనిపించేచోట నీడ, కూర్చోవడానికి బల్లలు, రెండు దుర్భిణులు పెట్టండి. సముద్రం మీద విహారానికి వచ్చే ఓడల కోసం 2023లో ఇక్కడ అంతర్జాతీయ టెర్మినల్ కట్టారు. సంతోషం. అక్కడికి ఓడ రాని రోజుల్లో ప్రభుత్వ పాఠశాలల పిల్లలను బృందాలుగా తీసుకొచ్చి, ఒడ్డునుంచే రేవు పని చూపించి, పదవీవిరమణ చేసిన పైలటు చేతో క్రేను ఆపరేటరు చేతో మాట్లాడించండి. చేపలరేవులో సందర్శకులు పనికి అడ్డుపడకుండా నిలబడడానికి ఒక ఎత్తయిన గట్టు చాలు.

రావాలనుకునే కుటుంబాలు నెల చూసుకుని రండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది, చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మన వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే. ఆ రోజుల్లో పాట ఉండదు కానీ పడవలకు రంగులు వేయడం, చెక్కలు మార్చడం, వలలు బాగుచేయడం చూడవచ్చు. పాట చూడాలంటే దసరా, సంక్రాంతి సెలవులు మంచివి. ఇక ఓడల సంగతి: ఏ ఓడ ఏ బెర్తులో ఉందో, ఏ సరుకుతో వచ్చిందో రేవు సంస్థ రోజూ తన వెబ్‌సైటులో పెడుతూనే ఉంది. దాన్నే తెలుగులో ఒక బోర్డు మీద రాసి, జలాంతర్గామి టికెట్ల కిటికీ పక్కన రోజూ నిలబెడితే చాలు, ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు.